ముప్పై ఏడు శాతం దగ్గర ఆగిన మా ఆయన

గొప్పవాళ్ల జీవిత చరిత్రలు రాయడానికి జనం వరసలో నిలబడతారు. మా ఆయనది రాయడానికి నేను తప్ప దిక్కు లేదు. పేరు పూర్ణచంద్ర. అండమాన్ దీవుల్లోని రంగత్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో అప్పర్ డివిజన్ క్లర్కు. వారానికి అయిదు రోజులు ఫైళ్లు కదలకుండా చూసుకోవడం ఆయన ఉద్యోగం. మిగిలిన రెండు రోజులు పెళ్లిళ్ల వీడియోలు తీయడం ఆయన పిచ్చి. మొదటి పనిలో ఆయనకు వంక పెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు.

నేను సత్యవాణిని. ఇక్కడే స్కూల్లో లెక్కలు చెబుతాను. పాతికేళ్లుగా పిల్లలకు లెక్కలు, ఇంట్లో ఈయనకు బుద్ధులు చెబుతున్నాను. పిల్లలు మాత్రం పాసవుతున్నారు.

మా మామగారు డెబ్బైల్లో తుని నుంచి రెండేళ్ల పోస్టింగని ఓడెక్కి వచ్చారు. ఆ రెండేళ్లు ఎప్పుడు పూర్తయ్యాయో చూసుకోకుండానే ఇక్కడే పోయారు. మా ఆయన ఇక్కడే పుట్టి, హిందీ మీడియంలో చదివి, అమ్మ దగ్గర తెలుగు మాట్లాడటం నేర్చుకున్నారు. రాయడం ఎవరూ నేర్పలేదు. అందుకని పెళ్లి వీడియోల్లో వధూవరుల పేర్లు నేను రాసిస్తాను, ఆయన వాటి చుట్టూ గులాబీలు ఎగరేస్తారు. ఎన్నిసార్లు చెప్పినా ఆ గులాబీలు మానరు.

ఇక ఆయన ప్రాణం ఆ కంప్యూటర్. పడగ్గదిలో కిటికీ పక్కన ఉంటుంది. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని కిటికీ తెరవనివ్వరు. ఉక్కపోతతో నేను చచ్చినా ఫరవాలేదు గానీ కంప్యూటర్‌కి మాత్రం గాలి తగలకూడదు. అందులో గ్రాఫిక్స్ కార్డు అని ఒకటి ఉంది. బొమ్మలకు సంబంధించిన బరువు పనంతా అదే మోస్తుందట. ఆ కార్డుకి పని పురమాయించే మేస్త్రీ లాంటి ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. మా ఇంటి డ్రైవరు 2019 నాటిది. దాని తర్వాత ఆ కంపెనీ వాళ్లు డజన్ల కొద్దీ కొత్తవి విడుదల చేశారు. మా ఆయన ఒక్కదాన్నీ గడప తొక్కనివ్వలేదు.

ఎందుకంటారా? ఇక్కడో ఆచారం ఉంది. సముద్రం అడుగున కేబుల్ రాక ముందు మా ద్వీపాల్లో ఇంటర్నెట్ అంటే పేరుకే. ఒక పాట దిగాలంటే పూట పట్టేది. అందుకని మెయిన్‌ల్యాండ్ వెళ్లే ప్రతివాడి జేబులో ఒక ఖాళీ పెన్ డ్రైవ్, ఒక చీటీ పెట్టి పంపేవాళ్లం. వాడు విశాఖపట్నంలోనో చెన్నైలోనో ఎవరింట్లోనో కూర్చుని, సినిమాలూ యాంటీవైరస్సులూ డ్రైవర్లూ అన్నీ నింపుకుని, ఆవకాయ జాడీతో పాటు ఓడెక్కించి తెచ్చేవాడు. కేబుల్ వచ్చి ఏళ్లయింది. ఊరంతా ఫోనులో వీడియోలు చూస్తూ అన్నం తింటోంది. మా ఆయన మాత్రం ఇంకా చీటీ రాస్తారు. ఓడ మీద రాని సరుకు ఆయన దృష్టిలో అసలు సరుకు కాదు.

దానికి తోడు ఒక దెబ్బ కూడా తిన్నారులెండి. పాత రోజుల్లో ఒకసారి కొత్త డ్రైవర్ ఎక్కిస్తుంటే మధ్యలో కరెంటు పోయి, తెర నల్లబడి, మళ్లీ వెలగలేదు. బాగు చేసేవాడు దొరికి, వాడికి తీరిక దొరికేసరికి ఏడాది దాటింది. అప్పుడు అందులో ఇరుక్కుపోయిన పెళ్లి తాలూకు వాళ్లకు పెళ్లి వీడియో, మనవడి అన్నప్రాశన వీడియో ఒకే రోజు ఇచ్చాం. వాళ్లు ఇప్పటికీ బజారులో మమ్మల్ని చూస్తే రోడ్డు దాటిపోతారు. ఆనాటి నుంచి మానిటర్ అంచుకు హిందీలో ఒక చీటీ అతికించి ఉంది: ‘అప్‌డేట్ నిషేధం.’ కింద ఆయన సంతకం, తేదీ. ఆఫీసు స్టాంపు ఒక్కటే తక్కువ.

మొన్న డిసెంబరులో ఎవరో చుట్టం పెన్ డ్రైవ్‌లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్తది తెచ్చారు. ఓడ మీద వచ్చింది కాబట్టి దాన్ని మాత్రం కళ్లకద్దుకుని ఎక్కించారు. అది తెరిచినప్పుడల్లా ‘మీ గ్రాఫిక్స్ డ్రైవర్ పాతది, మార్చండి’ అని మొత్తుకుంటుంది. మా ఆయన ఆ హెచ్చరికను ఆఫీసుకొచ్చే సర్క్యులర్ లాగే చూస్తారు. చూశానని నొక్కి, మూసేస్తారు.

ఇట్లాంటి సమయంలో వచ్చాడు సూరయ్య.

సూరయ్యది శ్రీకాకుళం ఒడ్డు. చిన్నప్పుడే తండ్రితో వచ్చి, నలభై ఏళ్లుగా ఇక్కడి నీళ్లలో వల వేస్తున్నాడు. మా ఇంటికి చేప ఆయన తెస్తేనే చేప. ఆయన గొంతులో ఏదో గడ్డ లేచింది. పోర్ట్‌బ్లెయిర్‌లో పరీక్షలు చేసి విశాఖపట్నం రాశారు. అక్కడి డాక్టరు, పంపిన కాగితాలు చూసి ఉన్నమాట చెప్పేశాడు. గొంతులో మాట పుట్టే పెట్టెను తీసేయాలి, ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. కూతురు మంజు పెళ్లేమో వైశాఖంలో ఉంది.

“అప్పగింతలకాడ ఆడపిల్లకి తండ్రి నాలుగు మాటలు సెప్పాల గదా బాబూ,” అన్నాడు మా వరండాలో కూర్చుని. “అప్పటికి నా కాడ మాటుండదు. ఇప్పుడే సెప్పీస్తాను, పట్టి ఉంచు. ఆ రోజు పెద్ద తెర మీద ఏసీయ్.”

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. నాకు ఏడుపొస్తే ఎదుటివాళ్లకు చూపించడం ఇష్టం ఉండదు.

మా ఆయన మాత్రం కెమెరా పట్టుకుని మూడు పొద్దులు సూరయ్య వెంట తిరిగారు. పడవ దగ్గర, వలల దగ్గర, ఒడ్డున. నలభై ఎనిమిది నిమిషాల బొమ్మ వచ్చింది. దాన్ని పన్నెండు నిమిషాలకు కుదించి, పాత ఫోటోలు పేర్చి, పెళ్లిలో వేసేటట్టు చేయాలి. ఆయన కుదించారు కూడా. వంక పెట్టడానికి వీల్లేనంత బాగా కూర్చారు, ఒక్క గులాబీ కూడా ఎగరేయకుండా. అది మొత్తం ఒక ఫైలుగా బయటికి తీసే దగ్గర వచ్చింది తంటా. ముప్పై ఏడు శాతం దాకా వెళ్లి కంప్యూటర్ బిగుసుకుపోతుంది. ఒక నిమిషం చూసి, సాఫ్ట్‌వేర్ దానంతట అదే మూసుకుపోతుంది. మళ్లీ మొదలెడితే మళ్లీ ముప్పై ఏడు.

డ్రైవర్ మార్చడం తప్ప మిగతావన్నీ చేశారు మహానుభావుడు. కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టారు. నా పాత ఫోటోలు జాగా కోసం చెరిపేశారు. కార్డు ఊడదీసి, దాని పళ్లకు ఉప్పు పట్టిందని స్కూలు పిల్లలు వాడే రబ్బరుతో రుద్దారు. అది కూడా నా బ్యాగులోంచి తీసిన రబ్బరే. చివరికి కంప్యూటర్‌కి పసుపు బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించారు. వినాయకుడు కూడా ముప్పై ఏడు దగ్గరే ఆగిపోయాడు.

బుధవారం సాయంత్రం సూరయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు ఇంకా బొంగురు పోయింది.

“పనైపోనాదా పూర్ణబాబూ? శుక్రారం పదకొండున్నర బస్సుకి ఎల్లిపోతన్నాం. శెనివారం షిప్పు.”

“హో జాయేగా సూరయ్యా, టెన్షన్ మత్ లో,” అన్నారు మా ఆయన. ‘హో జాయేగా’, అంటే అయిపోతుందిలే అన్నది మా ద్వీపాల వేదవాక్యం. ఎప్పుడవుతుందో మాత్రం అందులో ఉండదు.

“నాను సూడాల బాబూ. సూసి, తప్పుంటే ఇప్పుడే సెప్పాల. కోసీసినాక నాను ఏటి సెప్పగలను?”

సూరయ్య లేచి, గేటు దాకా దగ్గుకుంటూ వెళ్లాడు.

నేను చెంగు దోపుకుని వచ్చాను. “ఏమండీ, ఎడిట్ చేయకుండా ఉన్నదే చూపించేయకూడదూ?”

“రా ఫుటేజ్ ఎవరైనా చూపిస్తారా సత్యా? పచ్చి చేప విస్తట్లో వేసినట్టుంటుంది.”

“అయితే ఆ డ్రైవరేదో మార్చండి. ఆ సాఫ్ట్‌వేర్ రోజూ చెబుతూనే ఉందిగా!”

“వస్తోంది. వీరరాఘవయ్యకి చీటీ ఇచ్చి పంపా. వైజాగ్ నుంచి పెన్ డ్రైవ్‌లో తెస్తున్నాడు.” వీరరాఘవయ్య ఈయన ఆఫీసు స్నేహితుడు, సెలవు మీద వెళ్లాడు.

“ఎప్పుడొస్తాడు?”

“రేపు షిప్పు పోర్ట్‌బ్లెయిర్ తగులుతుంది. శుక్రవారం పొద్దున బస్సెక్కుతాడు.”

లెక్కల టీచర్ని కదా, నోటితోనే వేసేశాను. వీరరాఘవయ్య దిగే ఓడే సూరయ్య ఎక్కాల్సిన ఓడ. పైకొచ్చే బస్సులో పెన్ డ్రైవ్, కిందికెళ్లే బస్సులో సూరయ్య. ఇద్దరూ దారి మధ్యలో బారాటాంగ్ దగ్గర ఎదురుపడి చేతులూపుకుంటారు. అదే మాట చెప్పాను. మా ఆయన కాసేపు ఆలోచించి, “షిప్పు లేటు అవ్వచ్చు,” అన్నారు. ఆలోచించాక కూడా ఆ మాట అన్నారని గమనించండి.

“ఇంట్లో నెట్టుంది. అరగంటలో దిగుతుంది!”

“చల్తా హువా సిస్టంని ఛేడకూడదు సత్యా, కెలకకూడదు. మళ్లీ తెర నల్లబడితే ఎవరు జిమ్మేదార్? మొత్తం పోతుంది.”

“ఎక్కడ నడుస్తోందండీ మీ సిస్టం? ముప్పై ఏడు దాకా నడుస్తోంది. నా క్లాసులో ముప్పై ఏడొస్తే పాసు. మీకు కాదు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన పడుకున్నారు. పడుకున్నారు గానీ నిద్ర పట్టలేదని నాకు తెలుసు. సూరయ్య అంటే ఆయనకు ప్రాణం. మా పెళ్లయిన కొత్తలో ఈయన్ని పడవెక్కించి, ఒడ్డుకు తిరిగొచ్చేదాకా వాంతులు చేసుకుంటుంటే తల పట్టుకున్నది సూరయ్యే. భయం వేరు, ప్రేమ లేకపోవడం వేరు. ఈయనకు భయమే ఎక్కువ.

గురువారం నేను సెలవు పెట్టాను. ఈయన టిఫిను తిని ఆఫీసుకు వెళ్లగానే ఆ నిషేధం చీటీ పీకి చెత్తబుట్టలో వేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. దేవుడి దయవల్ల లెక్కలు చెప్పే మనిషికి ఒకదాని తర్వాత ఒకటి చేయడం తెలుసు. ముందు సూరయ్య బొమ్మంతా విడిగా ఇంకో డిస్కులోకి కాపీ చేశాను. ఏదైనా తేడా వస్తే పాత స్థితికి తిరిగి వెళ్లే ఏర్పాటొకటి ఉంటుంది, అదీ చేశాను. అటకెక్కి కార్డు తాలూకు అట్టపెట్టె దింపి, దాని నంబరు చూశాను. కంపెనీ సైటులో అదే కార్డుకి రెండు రకాల డ్రైవర్లున్నాయి. ఆటలాడుకునేవాళ్లకు ఒకటి, వీడియో పనిచేసేవాళ్లకు ఒకటి. ఆటలదానికి వేగం ఎక్కువ, రెండోదానికి నిలకడ ఎక్కువ అని రాసి ఉంది. మా ఇంట్లో కావలసింది నిలకడే. ఇరవై రెండు నిమిషాల్లో దిగింది. ఏడేళ్లుగా గడప బయటే ఆపిన సరుకు ఒక కుక్కర్ అన్నం ఉడికేలోపు దిగింది!

సాఫ్ట్‌వేర్లన్నీ మూసి, పాతదాన్ని పూర్తిగా తుడిచి కొత్తది వేయమని గుర్తు పెట్టి, మొదలుపెట్టాను. మధ్యలో తెర కొన్ని క్షణాలు నల్లబడవచ్చు, కంగారు పడొద్దు అని అక్కడే రాసి ఉంది. నేను చదివాను. కంగారు పడలేదు.

కంగారు పడాల్సిన మనిషి సరిగ్గా అప్పుడే భోజనానికి ఇంటికొచ్చారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఊళ్లో కరెంటు డీజిల్ జనరేటర్ల మీద నడుస్తుంది. అది పోవడం పెద్ద విషయం కాదు, రావడమే ప్రమాదం. వచ్చేటప్పుడు ఒక్క ఉదుటున ఎగిరొస్తుంది. మా ఇంట్లోనే రెండు ఫ్రిజ్జులు, ఒక టీవీ అలా ఆహుతయ్యాయి. అందుకని ఇక్కడ పుట్టినవాళ్లకు కరెంటు పోతే చెయ్యి దానంతట అదే లేస్తుంది. పరుగెత్తి మెయిన్ దించేస్తారు, యూపీఎస్ బటన్ నొక్కేస్తారు. తర్వాతే ‘కరెంటు పోయిందా’ అని అడుగుతారు. బుర్రకు ఇందులో పాత్ర లేదు.

మా ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తూ పడగ్గదిలోకి చూశారు. తెర నల్లగా ఉంది. అంతే. హాల్లో మెయిన్ ఠక్కున దిగింది. రెండంగల్లో లోపలికొచ్చి యూపీఎస్ నొక్కారు. ఫ్యాను తిరగడం మానేసింది. ఫ్రిజ్ నోరు మూసింది. కొత్త డ్రైవర్ సగం లోపల, సగం బయట ఉండిపోయింది.

“కరెంటు ఎప్పుడు పోయింది?” అన్నారు.

“పోలేదండీ. తమరే పంపించారు.”

చెత్తబుట్టలో చీటీ చూశారు. నన్ను చూశారు. మెయిన్ ఎక్కించి కంప్యూటర్ పెడితే, తెర మీద ఒక్కో అక్షరం అరచేయంత లావున వచ్చింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే, ఈ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డే లేదంది. మా ఆయన మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడ్డారు.

“చెప్పానా? చెప్పానా లేదా నీకు?”

“చెప్పారు. చెప్పి, మీరే దించారు! నేను ఇంకో రెండు నిమిషాలు ఒంటరిగా ఉంటే ఈపాటికి పనైపోయేది. నా ఖర్మ కాకపోతే, రోజూ ఒంటిగంటన్నరకొచ్చే మనిషి ఇవాళే తొందరగా రావాలా?”

అప్పుడే ఫోను మోగింది. మంజు. స్పీకర్లో పెట్టాను.

“అంకుల్, వీడియో హో గయా క్యా? నాన్న పొద్దుట్నుంచి పది సార్లు పూఛాడు. నాకేమో చూపించొద్దంటున్నాడు, శాదీ రోజే చూడాలంట. మీరు కనీసం నాన్నకి చూపించండి అంకుల్. ప్లీజ్.”

మా ఆయన నోరు తెరిచారు. ‘హో జాయేగా’ వస్తుందనుకున్నాను. రాలేదు. “రేపు పొద్దున ఎనిమిదింటికి నాన్నని పంపమ్మా,” అన్నారు. ఫోను పెట్టేసి, మొహం కడుక్కుని వచ్చి, కుర్చీలో కూర్చున్నారు. ఆఫీసుకు ఫోను చేసి మధ్యాహ్నం రానన్నారు. పాతికేళ్ల కాపురంలో ఫైలు లేకుండా, నోట్ పెట్టకుండా ఆయన తీసుకున్న మొదటి నిర్ణయం అది. నేను నోరు మూసుకున్నాను. నాకూ అది మొదటిసారే.

కంప్యూటర్ని కనీస సామానుతో మాత్రమే లేపే పద్ధతి ఒకటుంది, సేఫ్ మోడ్. అందులోకి వెళ్లారు. పాత డ్రైవర్ ముక్కలు, కొత్తదాని సగం, రెండూ వెతికి వెతికి తీసేశారు. భయపడే మనిషిలో ఒక గుణం ఉంటుంది, చేసేటప్పుడు ప్రతి అక్షరం చదువుతాడు. నేను దించిన ఫైలు ఎటూ అక్కడే ఉంది. దాన్ని తెరిచి, మొదలుపెట్టే ముందు నా వైపు తిరిగారు.

“సత్యా, నువ్వు మెయిన్ దగ్గర నిలబడు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వకు. నన్ను కూడా.”

నిలబడ్డాను. చీపురుకట్ట కూడా పట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని. తలుపులోంచి ఆయన వీపు కనబడుతోంది. తెర నల్లబడింది. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నారు! “ఒకటి, రెండు, మూడు...” అని పైకే లెక్కపెడుతున్నారు. పదకొండు దగ్గర తెర వెలిగింది. అక్షరాలు చిన్నవయ్యాయి. మా ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ, “చూశావా, అంతా మెథడ్‌లో ఉంది,” అన్నారు. చీపురు అక్కడే ఉంది, వాడలేదు. నా సహనం అలాంటిది.

సాయంత్రం దీపం పెట్టే వేళకు మొత్తం బొమ్మను మళ్లీ బయటికి తీయడం మొదలెట్టారు. ముప్పై అయిదు. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది అనగానే నేను నిజంగానే చప్పట్లు కొట్టాను. నవ్వుకుంటే నవ్వుకోండి. వందకు చేరి, ఆగకుండా, ఆరిపోకుండా, ఫైలు చేతికొచ్చింది.

అక్కడితో ఊరుకుంటే ఆయన పూర్ణచంద్ర ఎందుకవుతారు? కొత్త డ్రైవర్ రాగానే సాఫ్ట్‌వేర్లో ఇన్నాళ్లూ మసకగా ఉన్న ఒక బటన్ వెలిగింది. మాటల్లో అనవసరమైన చప్పుళ్లను అదే గుర్తుపట్టి తుడిచేస్తుందట. ఏడేళ్ల ఉపవాసం తర్వాత విందు దొరికిన మనిషిలా దాన్ని పట్టుకున్నారు. గాలి పోయింది. కెరటాలు కొంచెం తగ్గాయి. సూరయ్య దగ్గులు అరవై మూడు, అన్నీ పోయాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టి మరీ చెప్పారు నాకు. నేను కూడా బాగుందన్నాను. అబద్ధం ఎందుకు, బాగుంది. రేడియోలో వార్తలు చదివేవాడిలా ఉంది.

శుక్రవారం ఎనిమిదింటికి సూరయ్య, భార్య కాసులమ్మ వచ్చారు. మంజు సామాన్లతో బస్టాండులో ఉందట. సూరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచం అంచున పరీక్షకొచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు. మా ఆయన వీడియో పెట్టారు.

పన్నెండు నిమిషాల బొమ్మ నడిచింది. తెర మీద సూరయ్య వల బాగుచేస్తూ కూతురికి చెబుతున్నాడు: అత్తారింట్లో ఆకలేస్తే అడుగు తల్లీ, సిగ్గుపడకు, ఎవలైనా కసురుకుంటే నాకు కబురెట్టు, నాను పడవేసుకొచ్చీస్తాను. నాకు మళ్లీ వంటింటి పని గుర్తొచ్చింది గానీ, కదల్లేదు. అయిపోయింది. మా ఆయన తిరిగి, మార్కుల కోసం చూస్తున్నట్టు చూశారు.

కాసులమ్మ ముందు నోరు విప్పింది. “బొమ్మ బాగుంది బాబూ. మరి ఈ మాటాడీది ఎవలు?”

“అదేంటి కాసులమ్మా, సూరయ్యే కదా!”

“మా ఇంటాయన కాడు. మా ఇంటాయన ఇలాగ మాటాడడు.”

సూరయ్య తల వంచుకుని ఉన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, “దగ్గేదీ బాబూ?”

“తీసేశాను సూరయ్యా. అరవై మూడు. ఒక్కటి లేకుండా సాఫ్ చేశా.”

“ఎట్టీ.”

“ఏంటి?”

“దగ్గు మళ్లీ ఎట్టీ బాబూ.” మాట మధ్యలోనే దగ్గొచ్చింది. ఆగి, మళ్లీ అందుకున్నాడు. “మంజు సిన్నప్పుడు తెల్లారగట్ల ఒడ్డు మీదుండీది. సీకట్లో పడవలన్నీ ఒకలాగే అవుపడతాయి గదా. ఏది నాదో దానికెలాగ తెలుస్తాది? నా దగ్గు ఇని లాంతరు ఊపీది. ఆ లాంతరు సూసి నాను ఒడ్డుకొచ్చీవోణ్ణి. దగ్గు నేకపోతే దానికి నాను ఎవలో.”

మా ఆయన మొహం చూడలేకపోయాను. ఎంత గర్వంగా తుడిచారో! ఈయన మామూలుగా అయితే ఏమంటారో నాకు కంఠతా వచ్చు: ఒకసారి ఫైనలైంది, ఇప్పుడు ఛేడకూడదు, టైం లేదు, చల్ రహా హై కదా. ఈసారి మాత్రం మౌస్ అందుకుని, ఆ బటన్ ఆర్పేసి, గాలినీ కెరటాలనూ అరవై మూడు దగ్గులనూ తిరిగి తెచ్చి, మళ్లీ బయటికి తీయమన్నారు. పద్నాలుగు నిమిషాలు పట్టింది. ముప్పై ఏడు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో ఎవరమూ చూడలేదు.

సూరయ్య రెండోసారి చూశాడు. మొదటి దగ్గు రాగానే కాసులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆఖర్న సూరయ్య లేచి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, “ఇది నానే. సాలు,” అన్నాడు.

బస్టాండు దాకా వెళ్లాం. మంజు సంచులు అందిస్తోంది. మా ఆయన ఆ ఫైలు రెండు చోట్ల దాచానని మంజుకు మూడుసార్లు చెప్పారు. బస్సు కదిలే ముందు సూరయ్య కిటికీలోంచి తల బయట పెట్టి నన్ను పిలిచాడు.

“టీచరమ్మా, పూర్ణబాబుని ఎక్కువ తిట్టకమ్మా. మనసున్నోడు. మరెల్లొత్తాను.”

“నేనెక్కడ తిడతాను సూరయ్యా, నువ్వు క్షేమంగా రా,” అన్నాను. బస్సు మలుపు తిరిగింది.

ఏడు వారాలకు సూరయ్య తిరిగొచ్చాడు. మనిషి తేరుకున్నాడు, మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని మళ్లీ పడవ దగ్గరికి వెళుతున్నాడు. చేప తెచ్చినప్పుడు గేటు తడతాడు, నవ్వుతాడు, చేత్తో సైగ చేస్తాడు. నేనూ చేత్తోనే జవాబు చెబుతాను.

ఆ రోజు బస్సు కిటికీలోంచి అన్న మాటే సూరయ్య నోట నేను విన్న ఆఖరు మాట. మా ఆయన జేబులో ఫోనుంది. నా చేతిలోనూ ఫోనుంది. మూడు రోజులు ఆ గొంతు కోసమే కొట్టుకు చచ్చిన ఇద్దరం, ఆ మాట ఫోనులో పట్టి ఉంచకుండా చేతులూపుతూ నిలబడ్డాం. దీనికి మాత్రం ఆయన్ని తిట్టలేదు. నాకూ తోచలేదు మరి.